ఐదో గుండీ

కట్టు విప్పిన రోజున డాక్టరు నాయనమ్మ కుడిచేతిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎముక చక్కగా అతుక్కుంది పెద్దమ్మా. ఇక మీ చెయ్యి మీది" అన్నాడు. ఆమె సంబరంగా ఇంటికొచ్చింది. వచ్చి చూస్తే చెయ్యి తనదయింది గానీ గది తనది కాకుండా పోయింది. తలుపుకు లోపలివైపు ఉండాల్సిన ఇత్తడి గడియ లేదు. అది ఉన్నచోట నాలుగు బెజ్జాలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

"గడియ ఏదిరా?" అంది.

"తీయించేశానమ్మా" అన్నాడు కొడుకు, మంచిపని చేసినవాడి మొహం పెట్టి. "ఆవేళ మధ్యాహ్నం లోపల గడియ పెట్టుకుని పడుకున్నావు. నేను తలుపు బాదీ బాదీ చచ్చాను. నా గుండె ఆగినంత పనయింది."

"నువ్వు బాదావు, నేను లేచాను, తలుపు తీశాను. ఎవరి గుండే ఆగలేదు కదా."

"నీ మంచికేనమ్మా."

కొడుకు ఒక ఆఫీసులో సూపరింటెండెంటు. జనానికి నోటీసులు పంపడం అతని ఉద్యోగం. ఇంట్లో మాట్లాడినా నోటీసు గోడకి అంటించినట్టే ఉంటుంది. చదువుకోవడమే గానీ జవాబు చెప్పడానికి అందులో జాగా ఉండదు.

నాయనమ్మ నలభై ఏళ్లు టైలరు దుకాణం నడిపింది. మెట్ల మీద జారి మణికట్టు విరిగాక, ఆరు వారాలు నిజంగానే ఆమెకు సాయం కావలసి వచ్చింది. తల దువ్వడానికి కోడలు కావాలి, గుండీలు పెట్టడానికి మనవరాలు కావాలి. అడిగి మరీ చేయించుకుంది. అందులో ఆమెకు నామోషీ లేదు. చిక్కెక్కడ వచ్చిందంటే, కట్టు పోయినా సాయం పోలేదు. పైపెచ్చు ఒళ్లు చేసింది.

దానికి కారణం కూతురు. తల్లి చెయ్యి విరిగిందని మూడు రోజులు ఉండి వెళదామని వచ్చిన మనిషి, పెట్టె ఇంకా సర్దలేదు. మధ్యలో రెండు రోజులు ఎక్కడో శిక్షణ తరగతికి వెళ్లి, సంరక్షణలో సర్టిఫికెట్టు తెచ్చుకుంది. దానికి ప్లాస్టిక్ తొడుగు వేయించి హాల్లో టీవీ పక్కన నిలబెట్టింది. దాంతోపాటు ఒక లావుపాటి ఫైలు. అందులో మనిషి జీవితాన్ని ఆరు దశలుగా కోసి, ఒక్కో దశకి ఏం పెట్టాలో, ఎప్పుడు పడుకోబెట్టాలో, ఏం ముట్టనివ్వకూడదో రాసి ఉంది. ఆరో దశ మళ్లీ మొదటి దశ లాంటిదేనన్న వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీసుకుంది. ఆ గీత చూసినప్పట్నుంచీ నాయనమ్మ ఆమెను మనసులో సర్టిఫికెట్టు అనే పిలుచుకుంటోంది.

ఇంట్లో మొదటి దశ మనిషి కూడా ఉన్నాడు. పెద్దపిల్ల పుట్టిన పదిహేనేళ్లకి కోడలికి మళ్లీ కానుపై, మగపిల్లాడు పుట్టాడు. ఇప్పుడు ఎనిమిదో నెల. పళ్లొస్తున్నాయి. ఇంకేముంది, సర్టిఫికెట్టుకి పని సులువైంది. ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అంటించింది. రెండు గళ్లు: "చంటాడు", "అమ్మ". రెంటిలోనూ టైములు ఒకటే. ఎనిమిదింటికి జావ. ఒంటిగంటకి నిద్ర. మూతి తుడవడం, మూడుసార్లు. చివర "కడుపు సంగతి" అని ఒక వరస. ఆ వరసను రోజూ సాయంత్రం ఫోన్లో తన స్నేహితురాలికి గట్టిగా చదివి వినిపించేది. "వాడు బానే వెళ్లాడు. అమ్మే ఇవాళ కాస్త..." వీధిలో పోయేవాళ్లు కూడా ఒకసారి తలెత్తి కిటికీ వైపు చూసేవారు.

పొద్దున్నే రెండు కుర్చీలు పక్కపక్కన వేసేది. ఒకదాంట్లో చంటాడు, ఒకదాంట్లో నాయనమ్మ. ఇద్దరికీ ముక్కు ఉన్న కప్పులే. వాడిది నీలం, ఆమెది పచ్చ.

"బుజ్జి నోరు తెరుస్తుందీ... ఆ..." అంటూ చెంచా ఎత్తేది సర్టిఫికెట్టు.

"ఎవర్నే అంటున్నావు?"

"నిన్నేనమ్మా."

"నీ మొదటి గౌను నేను కుట్టాను. నీ పెళ్లి బట్టలు నేను కుట్టాను. నీ నడుము పెరిగినప్పుడల్లా కుట్లు విప్పింది నేను. నేను బుజ్జి ఎప్పుడయ్యానే?"

"చూశారా వదినా, విసుగు. ఆరో దశలో ఇదొకటి ఉంటుందట. ఫైల్లో ఉంది."

పక్క కుర్చీలో చంటాడు పెదాలు బిగించి, తల అవతలికి తిప్పేశాడు. నాయనమ్మకి ఆ పద్ధతి నచ్చింది. తనూ అలాగే చేసింది. జావ ఇద్దరి చెవుల మీదా సమానంగా పడింది.

వదిన అనిపించుకున్న కోడలు గోడకి ఆనుకుని నిలబడి, చల్లారిన టీ తాగుతోంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ల్యాబ్‌లో నిలబడి జనం చేతుల్లోంచి రక్తం తీసే ఉద్యోగం. ఇంటికొస్తే చంటాడు పీల్చేది పీలుస్తాడు. ఎనిమిది నెలలుగా ఆమె వరసగా రెండు గంటలు పడుకున్నది లేదు. ఫ్రిజ్ మీది కాగితంలో ఆమెకు గడి లేదు. ఫైలు ప్రకారం నాలుగో దశ వాళ్లు "ఇతరులను చూసుకుంటారు" అని ఒక్క ముక్క ఉంది, అంతే.

రెండో దశ దాటి మూడో దశలో ఉన్న మనవరాలికీ గడి లేదు. ఆ పిల్ల గొంతు పెగిలి బయటికి వచ్చేసరికే అవతలివాళ్లు వేరే మాటలోకి వెళ్లిపోతారు. అందుకని నాయనమ్మ ఆమెకు గుసగుస అని పేరు పెట్టింది. గుసగుస కూడా పదమూడో ఏట తన గదికి గడియ కావాలని ఒకసారి అడిగింది. "చదువుకునే పిల్లకి గడియ దేనికి? ఏం దాస్తావు?" అని తండ్రి నవ్వాడు. ఆమె దాయడానికి అడగలేదు. బట్టలు మార్చుకునేటప్పుడు తలుపుకి వీపు ఆనించి, ఒంటికాలి మీద నిలబడి మార్చుకోవడం కష్టంగా ఉందని అడిగింది. ఆ సంగతి నాయనమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

అలా పది రోజులు గడిచాయి. పదకొండో రోజున నాయనమ్మ స్నానం చేసి వచ్చి గదిలో బట్టలు వేసుకుంటోంది. గుండీల జాకెట్టులో కుడిచెయ్యి దూర్చింది, ఎడమచెయ్యి ఇంకా దూర్చలేదు. తలుపు భళ్లున తెరుచుకుంది. కొడుకు, వాడి వెనకాల నిచ్చెన పట్టుకుని ఎలక్ట్రీషియను. ఫ్యాను చప్పుడు చేస్తోందని చూపించడానికి తీసుకొచ్చాడు.

ఎలక్ట్రీషియను గుమ్మంలోనే ఆగిపోయి, నిచ్చెన వెనక మొహం దాచుకున్నాడు. నిచ్చెన వెనక ఎంత మొహం దాగుతుంది! "సార్, నేను తర్వాత వస్తాను" అన్నాడు.

"ఏం పర్లేదు, రావయ్యా" అన్నాడు కొడుకు. "మా అమ్మే."

నాయనమ్మ దుప్పటి లాగి భుజాల చుట్టూ కప్పుకుంది. ఎలక్ట్రీషియను నేల చూపులు చూస్తూ వచ్చి, పైన ఫ్యాను చూసి, మళ్లీ నేల చూపులు చూస్తూ వెళ్లిపోయాడు. ఆ పది నిమిషాలూ ఆమె గోడవైపు తిరిగి కూర్చుంది. ఆమె దుకాణంలో ట్రయల్ గదికి రెండు తెరలుండేవి. నలభై ఏళ్లలో ఏ ఆడమనిషీ సగం బట్టలతో ఇంకొకరి కంట పడలేదు. పిల్లలైనా సరే, ముసలమ్మలైనా సరే, తెర బయట నిలబడి "అయిందా?" అని అడిగి, "ఆ" అన్నాకే టేపు పట్టుకుని లోపలికి వెళ్లేది.

సాయంత్రం అందరూ హాల్లో ఉండగా ఆమె అడిగింది.

"నా గడియ నాకు కావాలి."

"మళ్లీ మొదలు" అన్నాడు కొడుకు.

"పడిపోతే ఎలా అమ్మా?" అంది సర్టిఫికెట్టు. "మొదటి దశకీ ఆరో దశకీ గడియ ఉండకూడదు. చంటాడికి గడియ ఉందా చెప్పు?"

"వాడికి పళ్లు కూడా లేవు. నావి ఊడగొడతావా?"

గుసగుస నవ్వు ఆపుకోలేక పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది.

కొడుకు గొంతు సవరించుకున్నాడు. "సరే. ఎవరి మాటా వద్దు. చెల్లాయి ఫైల్లో పరీక్ష ఉందిగా? స్వయంగా బతకగలరా లేదా అని. అందులో నెగ్గితే గడియ పెట్టిస్తాను. ఓడితే ఇక ఆ మాట ఎత్తకూడదు."

"ఓడితే ఎప్పటికీ లేనట్టేనా?"

"లేనట్టే."

నాయనమ్మ కాసేపు తన కుడిచేతి వేళ్లు చూసుకుంది. తర్వాత అంది. "దుకాణానికి వచ్చేవాళ్లు చాలామంది పాత కొలతలే వేసెయ్యమనేవాళ్లు. నేను వెయ్యలేదు. వారం కిందటి కొలతనీ నమ్మలేదు. మనిషిని నిలబెట్టి టేపు పెడితేనే కత్తెర ముట్టుకున్నాను. నాకు ఇవాళ కొలత తియ్యండి, ఒప్పుకుంటా. కానీ టేపు నా ఒక్కదానికే పెడితే కుదరదు. ఈ ఇంట్లో గడియ ఉన్నవాళ్లందరికీ ఇదే పరీక్ష పెట్టాలి."

"నాకా?" కొడుకు పకపకా నవ్వాడు. "పెట్టుకో. నాకేంటి!"

ఆదివారం పొద్దున పరీక్ష. సర్టిఫికెట్టు మెడలో పెన్ను వేలాడేసుకుని, ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అయిదు అంశాలు. తేదీ చెప్పాలి. సూదిలో దారం ఎక్కించాలి. నేల మీద కూర్చుని లేవాలి. అయిదు నిమిషాలు కదలకుండా కూర్చుని, చదివింది విని తిరిగి చెప్పాలి. మూడు నిమిషాల్లో చొక్కాకి అయిదు గుండీలు పెట్టుకోవాలి.

నాయనమ్మ తేదీ, వారం, నెలతో పాటు కూతురు ఇంటికొచ్చి ఎన్ని రోజులయిందో కూడా చెప్పింది. సూదివైపు చూడనైనా చూడలేదు. దారాన్ని పెదాల మధ్య తడిపి, వేలికొసతో బెజ్జాన్ని తడిమి, ఎక్కించేసింది. నేల మీద కూర్చుని గోడ పట్టుకుని లేచింది. "గోడ పట్టుకున్నావు, సగం మార్కే" అంది కూతురు. "గోడ మనదేగా" అంది తల్లి. విన్నది పొల్లు పోకుండా అప్పజెప్పింది. ఇక గుండీలే మిగిలాయి.

కింది నుంచి మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడోది కాస్త మొరాయించింది, నచ్చజెప్పింది. నాలుగు. మెడ దగ్గరి అయిదోది మిగిలింది. అక్కడికి చెయ్యి వెళ్లింది గానీ బొటనవేలు వంగలేదు. కట్టు విప్పినా ఆ ఒక్క వేలు ఇంకా కొయ్యముక్కలానే ఉంది. గుండీ బెజ్జం అంచుదాకా వచ్చి జారిపోతోంది. ఆమె జీవితంలో ఎన్ని వేల గుండీలు కుట్టి ఉంటుందో! ఇదొక్కటి ఆమె మాట వినలేదు. హాల్లో గడియారం చప్పుడు ఎప్పుడూ లేనంత గట్టిగా వినిపించింది. గుసగుస కూర్చున్నచోట తన చొక్కా గుండీ పట్టుకుని, నాయనమ్మ బదులు తను పెడుతున్నట్టు వేళ్లు కదిలించింది.

"టైమైపోయింది!" అంది సర్టిఫికెట్టు. పెన్ను మూత తీసి, దీర్ఘం లాగి మరీ రాసింది. "ఫెయిలు."

"అయిపోయింది కదమ్మా" అన్నాడు కొడుకు, ఈసారి మెత్తగా. ఆ మెత్తదనమే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

"నాది అయింది. ఇప్పుడు నువ్వు రా" అంది.

కొడుకు తేదీ చెప్పబోయి, అలవాటుగా ఫోను తీశాడు. "ఫోను చూడకుండా" అంది తల్లి. ఇరవై రెండన్నాడు. అసలు తేదీ పంతొమ్మిది. "ఆదివారం కదా, పట్టించుకోలేదు" అన్నాడు. నేల మీద కూర్చోవడం మాత్రం ఠీవిగా కూర్చున్నాడు. లేవడం దగ్గర కథ అడ్డం తిరిగింది. ఒక మోకాలు ఒప్పుకుంటే రెండోది ఒప్పుకోలేదు. కాసేపు సోఫా కింద ఏదో వెతుకుతున్నట్టు వంగి చూశాడు.

"ఏం పోయింది నాన్నా?" అంది గుసగుస. ఆమె గొంతు ఆ రోజు గది చివరిదాకా వినిపించింది.

"ఏం పోలేదు. చెయ్యి ఇవ్వు."

"చెయ్యి పట్టుకుంటే మార్కు లేదు" అంది నాయనమ్మ. చివరికి సోఫా పట్టుకుని, సగం మార్కుతో లేచాడు.

సర్టిఫికెట్టు సూది దగ్గర ఆగిపోయింది. దారం మంచిది కాదంది. వెలుతురు చాల్లేదంది. సూదిని తిరగేసి కూడా ప్రయత్నించింది. "పరీక్ష పెట్టేవాళ్లకి పరీక్ష ఉండదు, ఫైల్లో ఉంది" అని చివరికి పెన్నుకి మూత పెట్టేసింది.

కోడలి వంతు వచ్చింది. "అత్తయ్యా, నాకెందుకు, వంట..." అంటూనే కుర్చీలో కూర్చుంది. అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి కాబట్టి కూర్చుంది. సర్టిఫికెట్టు ఫైల్లోంచి ఒక పేజీ చదివింది. "ఇప్పుడు విన్నది చెప్పండి వదినా." వదిన చెప్పలేదు. తల ఒక పక్కకి వాలిపోయింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. అంత గాఢంగా నిద్రపోయే మనిషిని ఆ ఇంట్లో ఈమధ్య ఎవరూ చూడలేదు.

"ఏయ్, లే" అన్నాడు భర్త.

"ముట్టుకున్నావంటే చేతులిరుగుతాయి" అంది నాయనమ్మ, గొంతు తగ్గించి. చంటాణ్ణి ఎడమచేత్తో ఎత్తి చంక వేసుకుంది. కిటికీ తెర వేసింది. గుసగుస దిండు తెచ్చి తల్లి మెడకింద పెట్టింది. "నువ్వు వంటింట్లోకి నడు" అని కొడుకుతో, "నువ్వు ఆ ఫోను బయట పెట్టు" అని కూతురితో అంది. కోడలు మూడు గంటలు నిద్రపోయింది. ఆ మూడు గంటల్లో అన్నం అడుగంటింది, చంటాడు ఫైల్లో నాలుగు పేజీలు నమిలాడు. ప్రపంచం మాత్రం మునిగిపోలేదు.

వంటింట్లో కొడుకు మాడిన గిన్నె తోముతుంటే, నాయనమ్మ గుమ్మంలో నిలబడి అంది. "అయిదో గుండీకి నాకు సాయం కావాలి. ఒప్పుకుంటున్నా. అడిగి పెట్టించుకుంటా. నాకు చేతకానిది గుండీరా, గడియ కాదు."

"పరీక్ష పరీక్షేనమ్మా. అయినా వచ్చే వారం చూద్దాంలే."

"పోనీ, గడియ ఎక్కడుందో అది చెప్పు."

"ఏమో, వడ్రంగి ఎక్కడో పెట్టాడు" అన్నాడు, గిన్నెలోకి చూస్తూ.

గుసగుస నాయనమ్మ చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకెళ్లి, చెవిలో చెప్పింది. గడియ ఎక్కడికీ పోలేదు. కొడుకు గదిలో బాత్రూముకి గడియ విరిగి నెల రోజులైందట. కొత్తది కొనే తీరిక లేక, తల్లి క్షేమం కోసం ఊడదీసిన గడియని తన బాత్రూము తలుపుకి బిగించుకున్నాడు. అంచున పచ్చరంగు మరక ఉందట. ఆ మరక దుకాణం తలుపుకి రంగు వేసినప్పటిది. దుకాణం మూసేసిన రోజున ఆ తలుపునుంచి నాయనమ్మే దాన్ని విప్పి తెచ్చుకుంది.

"నువ్వెప్పుడు చూశావే?"

"పది రోజులైంది. చెబితే నాన్న తిడతాడని..."

"ఇప్పుడు తిట్టడా?"

"తిడతాడు" అంది గుసగుస. తల ఎత్తి, "తిట్టనీ" అంది.

సాయంత్రం కొడుకు బజారుకి వెళ్లాడు. కుట్టుమిషను సొరుగులో ఉండే చిన్న స్క్రూడ్రైవరు తీసుకుని ఇద్దరూ బయల్దేరారు. నాయనమ్మ వేలితో స్క్రూ ఎటు తిప్పాలో చూపించింది, గుసగుస తిప్పింది. గడియ చేతిలోకి వచ్చింది. నాయనమ్మ తలుపుకున్న పాత బెజ్జాలు వదులైపోయాయి. అగ్గిపుల్లలు విరిచి వాటిలో కుక్కించి, మళ్లీ బిగింపజేసింది. గడియ ఒకసారి వేసి, తీసి, మళ్లీ వేసి చూసుకుంది. ఆ చప్పుడు విని సర్టిఫికెట్టు వచ్చి నోరు తెరిచింది.

"జావ పెట్టమంటావా?" అంది నాయనమ్మ. ఆమె నోరు మూసుకుంది.

సోమవారం ఎనిమిదింటికి గంట మోగింది. ఎలక్ట్రీషియను, భుజాన నిచ్చెనతో. "సార్ బాత్రూములో గీజరు చూడమన్నారు పెద్దమ్మా" అన్నాడు, నేల చూపులు చూస్తూనే.

"రా నాయనా" అంటూ నాయనమ్మ ముందు నడిచింది. ఆఫీసు తొందరలో గడియ లేని సంగతి చూసుకోకుండా తలుపు దగ్గరికి వేసుకున్నట్టున్నాడు, బాత్రూములోంచి నీళ్ల చప్పుడు, కొడుకు కూనిరాగం వినిపిస్తున్నాయి. ఆమె తలుపు తోసింది. భళ్లున తెరుచుకుంది. ఒంటినిండా సబ్బు నురగ తప్ప ఇంకేమీ లేని సూపరింటెండెంటు గోడకి అతుక్కుపోయి కెవ్వుమన్నాడు.

ఎలక్ట్రీషియను నిచ్చెన వెనక్కి వెళ్లాడు.

"ఏం పర్లేదు, రావయ్యా" అంది నాయనమ్మ. "మా అబ్బాయే."

ఇంట్లో ఆ రోజు కేకలు వినిపించాయి. "ఇదేం మర్యాద? మనిషికి బాత్రూములో కూడా దిక్కు లేదా? తలుపు కొట్టి రావడం తెలీదా?" నాయనమ్మ తన గదిలోకి వెళ్లి, గడియ పెట్టుకుని, అన్నీ శ్రద్ధగా వింది. అవి తను చెప్పాలనుకున్న మాటలే. వాడి నోట్లో కుదురుగా పడ్డాయి.

సాయంత్రం ఆఫీసునుంచి వస్తూ అతను ఇనప సామాన్ల దుకాణంలో ఆగాడు. తెచ్చిన పొట్లంలో గడియ ఒకటే ఉంది, తన బాత్రూముకి. కోడలు పొట్లం విప్పి చూసి, భర్తవైపు చూసి, ఆ గడియని గుసగుస చేతిలో పెట్టింది. "మీరు ఇంకోసారి వెళ్లి రండి" అంది అతనితో. మధ్యాహ్నం నుంచీ ఆమె కాస్త మనిషిలా ఉంది. ల్యాబ్ నుంచి పెందలాడే వచ్చి, అత్తగారి గదిలో గడియ పెట్టుకుని గంటన్నర పడుకుంది మరి.

మర్నాడు పొద్దున నాయనమ్మ స్నానం చేసి వచ్చి బట్టలు వేసుకుంటుంటే తలుపు దగ్గర అడుగుల చప్పుడైంది. ఆగింది. తర్వాత తలుపు మీద మెల్లగా రెండు దెబ్బలు.

"అమ్మా, లోపలికి రావచ్చా?"

నాలుగు గుండీలు అయ్యాయి. అయిదోది బెజ్జం అంచున జారుతోంది.

"ఆగు" అంది. "అవలేదు."

"ఎంతసేపు?"

"నువ్వు కాదు, ముందు మనవరాల్ని పంపు. తర్వాత నువ్వు రా."

గుసగుస వచ్చింది, గుండీ పెట్టింది, వెళ్లింది. నాయనమ్మ మళ్లీ గడియ వేసుకుని, అద్దంలో మెడ సరిచూసుకుని, తాపీగా తల దువ్వుకోవడం మొదలుపెట్టింది. సూపరింటెండెంటు గుమ్మం బయట నిలబడే ఉన్నాడు.